కాపీరైట్ ఆఫీసు ఏడాది లెక్కలు: అంకెలు పెరిగాయి సరే, మన దరఖాస్తులు ఎక్కడ ఆగుతున్నాయి?

గంటస్తంభం (విజయనగరం)

కాపీరైట్ ఆఫీసు పనితీరు మీద ఏటా ఒకటే వాదన. రిజిస్ట్రేషన్లు పెరిగాయని ఒకరంటే, మన ఫైలు మాత్రం కదలడం లేదని ఇంకొకరు. రెండూ నిజమే. ఎందుకో చూడాలంటే ముందు లెక్కలు చదవడం రావాలి.

కాపీరైట్‌కి విడిగా పెద్ద నివేదిక ఉంటుందని వెతక్కండి. పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కులు, జీఐ (ఊరి పేరుతో వచ్చే సరుకుకి భౌగోళిక గుర్తింపు) చూసే కంట్రోలర్ జనరల్ ఆఫీసు ఏటా ఒక వార్షిక నివేదిక తెస్తుంది, అందులో ఒక అధ్యాయం కాపీరైట్‌ది. 2016 వరకు ఈ ఆఫీసు మానవ వనరుల శాఖ కింద ఉండేది. ఆ ఏడాది వాణిజ్య, పరిశ్రమల శాఖ కిందికి మారింది. ఇప్పుడున్నది ఢిల్లీ ద్వారకలోని బౌద్ధిక సంపద భవన్‌లో.

2016-17లో వచ్చిన దరఖాస్తులు 16,000 పైచిలుకు, రిజిస్టర్ అయినవి 3,600కి కాస్త తక్కువ. మరుసటి ఏడు వచ్చినవి 18,000 లోపే, రిజిస్టర్ అయినవి మాత్రం దాదాపు 20,000. వచ్చినవాటి కంటే అయినవి ఎక్కువ! పాత బకాయి కడిగేశారు కాబట్టి ఆ అంకె. 2020-21కి వచ్చేసరికి దరఖాస్తులు 24,000 దాటాయి, రిజిస్ట్రేషన్లు 16,000 దాటాయి.

అందుచేత ఒక ఏడాది రిజిస్ట్రేషన్లని ఆ ఏడాది దరఖాస్తులతో భాగించి శాతం తీయడం తప్పు. ఈ ఏడు వచ్చిన సర్టిఫికెట్ కిందటేడు పెట్టిన ఫైలుది కావచ్చు. చూడాల్సింది రెండు: పరీక్షించినవి ఎన్ని, అందులో లోపం ఉందని తిప్పి రాసినవి ఎన్ని. ఆలస్యం అంతా ఆ రెండోదానిలో ఉంటుంది.

సిక్కోలు పుస్తకం (శ్రీకాకుళం)

లెక్క బాగానే చెప్పారు మాస్టారూ. కానీ ఆఫీసుని మరీ వెనకేసుకొచ్చారనిపిస్తోంది. లోపం ఉందని తిప్పి రాయడం కూడా వాళ్ల చేతిలో పనే కదా. ఒకే రకం పుస్తకం, ఒకే రకం కాగితాలు, ఒక ఫైలుకి లోపం లేదంటారు, ఇంకోదానికి అభ్యంతరం లేదని రాసిచ్చే ఎన్‌వోసీ కావాలంటారు. ఎగ్జామినర్ మారితే రూలూ మారిపోద్దా ఏటి? నివేదికలో సంఖ్య ఉంటుంది గానీ ఏ కారణంతో ఎన్ని ఆగాయో విడదీసి చెప్పరు. అది చెప్తే సగం మంది మొదటే సరిగ్గా పెడతారు.

వంశధార గట్టు (నరసన్నపేట)

సిక్కోలు పుస్తకం గారి మాటలో న్యాయం ఉంది. కారణాల వారీ లెక్క ఇస్తే చాలా మేలు. అది వచ్చేదాకా ఫైళ్లు మామూలుగా ఎక్కడ తన్నేస్తాయో నేను రాస్తాను. ముందు దారి మొత్తం ఒకసారి:

పోర్టల్ కాపీరైట్ డాట్ గవ్ డాట్ ఇన్. యూజర్ ఐడీ చేసుకుని ఫారం 14 నింపాలి. దానికి రెండు తోకలు: స్టేట్‌మెంట్ ఆఫ్ పర్టిక్యులర్స్, స్టేట్‌మెంట్ ఆఫ్ ఫర్దర్ పర్టిక్యులర్స్. రెండోది సాహిత్య, నాటక, సంగీత, చిత్ర రచనలకే. ఒక రచనకి ఒక దరఖాస్తు. ఫీజు కట్టగానే డైరీ నంబర్ వస్తుంది. చివర సీఓ అని, పక్కన రచన రకాన్ని చెప్పే అక్షరం ఉంటుంది: సాహిత్యానికి ఎల్, చిత్రకళకి ఏ, సౌండ్ రికార్డింగ్‌కి ఎస్ఆర్, సాఫ్ట్‌వేర్‌కి ఎస్‌డబ్ల్యూ. ఆ అక్షరం చూస్తే మీరు పెట్టిన కేటగిరీ సరైందో కాదో అప్పుడే తెలిసిపోతుంది. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ ఆడియోకి డైరీ నంబర్‌లో ఎల్ కనిపిస్తే మొదటి మెట్టులోనే కాలు జారినట్టు.

ఆ తర్వాత 30 రోజులు ఏమీ జరగదు. అది ఆఫీసు బద్ధకం కాదు, కాపీరైట్ రూల్స్‌లోని రూల్ 70 చెప్పిందే. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి ఆ గడువు. అభ్యంతరం వస్తే ఇద్దరికీ ఉత్తరాలు, హియరింగ్. రాకపోతే ఫైలు ఎగ్జామినర్ దగ్గరికి పోతుంది. అక్కడ అన్నీ సరిపోతే రిజిస్టర్‌లో ఎక్కుతుంది, లేకపోతే లోపాలు చెప్పే డిస్క్రిపెన్సీ లెటర్.

ఫీజులు: సాహిత్యం, నాటకం, సంగీతం, చిత్రం ఒక్కోదానికి 500 రూపాయలు. సరుకు మీదో సేవకో వాడే సాహిత్య, చిత్ర రచన అయితే 2,000. సౌండ్ రికార్డింగ్‌కి 2,000. సినిమాకి 5,000. తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు.

కోడ్ కుర్రోడు (విజయనగరం)

రిజిస్ట్రేషన్ లేకపోతే హక్కే లేదా? ఊళ్లో నెట్ సెంటర్ల దగ్గర "సర్టిఫికెట్ లేకపోతే ఎవడైనా ఎత్తుకుపోవచ్చు" అని భయపెట్టి వేలకి వేలు అడుగుతున్నారు. ఇంకో పద్ధతి కూడా చెప్తున్నారు, మన రాతని మనకే రిజిస్టర్ పోస్ట్ చేసుకుని కవర్ విప్పకుండా దాచుకోమని.

వంశధార గట్టు (నరసన్నపేట)

తమ్ముడూ, రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దాని విలువ కాపీరైట్ చట్టం సెక్షన్ 48లో ఉంది: రిజిస్టర్‌లో ఉన్న వివరాలని కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. అంటే కాదని రుజువు చేయాల్సిన బరువు అవతలి వాడి మీద పడుతుంది. అంతవరకే. సర్టిఫికెట్ ఉన్నా, అసలు రచయిత వేరే అని తేలితే అది పోతుంది.

పోస్టు కవర్ సంగతి. ముద్ర మీద తేదీ తప్ప అది ఏమీ చెప్పదు, లోపలి రాత ఎవరిదో అస్సలు చెప్పదు. ఖాళీ కవర్ అంటించకుండా పోస్ట్ చేసుకుని తర్వాత నింపొచ్చు కదా అని అవతలి లాయరు అడిగితే జవాబు ఉండదు. దానికంటే రాతప్రతులు, ఈమెయిళ్లు, ఫైల్ తేదీలు, అచ్చు వేసిన ప్రెస్సు బిల్లు గట్టివి.

గంటస్తంభం (విజయనగరం)

ఆధునికీకరణ సంగతి కూడా కాస్త తేల్చేద్దాం, నివేదికల్లో ఆ మాటే ఎక్కువ వినబడుతుంది కాబట్టి.

నిజంగా మారినవి: ఆన్‌లైన్ దరఖాస్తు 2014 నుంచి ఉంది. హియరింగ్‌లు వీడియోలో జరుగుతున్నాయి, ఇచ్ఛాపురం నుంచి ఢిల్లీకి రైలెక్కే పని తప్పింది. 2021 మార్చి 30న వచ్చిన సవరణ రూల్స్‌తో సాఫ్ట్‌వేర్ దరఖాస్తులో మొత్తం సోర్స్ కోడ్ ఇచ్చే బాధ పోయింది. మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు చాలు. 20 పేజీల లోపు కోడ్ అయితే మొత్తం ఇవ్వాలి. నల్ల గీత కొట్టి దాచిన భాగాలు ఉండకూడదు. రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీలు ఏటా పారదర్శకత నివేదిక ఇవ్వాలన్నదీ ఆ సవరణలోదే.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది, దాన్ని ఆధునికీకరణ అనాలో లేదో మీరే చెప్పండి. కాపీరైట్ బోర్డుని 2017లో ఐపీఏబీలో (మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు) కలిపారు. 2021 ఏప్రిల్‌లో ఐపీఏబీనే ఎత్తేశారు. దాంతో రిజిస్ట్రార్ ఉత్తర్వు మీద అప్పీలు గానీ, తప్పుడు ఎంట్రీ తీసేయమనే పిటిషన్ గానీ హైకోర్టుకే. అప్పీలుకి గడువు 3 నెలలు. చిన్న రచయితకి ఇది ఖర్చుతో పని.

మారనిది భాష. తెలుగు పుస్తకం పెట్టినా ఫారం ఇంగ్లీషులోనే నింపుతున్నాం, పేరు రోమన్ అక్షరాల్లో కొడుతున్నాం. "తప్పెటగుళ్లు" అన్న జానపద కళ పేరుని నలుగురు నాలుగు స్పెల్లింగులతో రాస్తారు. తర్వాత రిజిస్టర్‌లో వెతికితే దొరకదు.

సిక్కోలు పుస్తకం (శ్రీకాకుళం)

స్పెల్లింగ్ మీద నేనో మాట కలుపుతాను. ఫారంలో ఒక స్పెల్లింగ్, ఎన్‌వోసీలో ఇంకోటి, పుస్తకం ఇన్నర్ టైటిల్ మీద మరోటి ఉంటే డిస్క్రిపెన్సీ ఖాయం. రచయిత పేరుకీ ఇంతే. ఆధార్‌లో ఇంటిపేరు చివర, పుస్తకం మీద మొదట, కలంపేరు అట్ట మీద. ఏది వాడినా అన్నిచోట్లా ఒకటే వాడాలి. కలంపేరు ఉంటే అసలు పేరు రాసి పక్కన "అనే కలంపేరుతో" అని ఇంగ్లీషులో చేర్చాలి.

పుస్తకాలకి మామూలుగా అడిగే కాగితాలు ఇవి: దరఖాస్తుదారు రచయిత కాకపోతే రచయిత ఎన్‌వోసీ. అచ్చయిన పుస్తకానికి పబ్లిషర్ వేరైతే పబ్లిషర్ ఎన్‌వోసీ. అట్ట మీద ఎవరిదైనా ఫోటో ఉంటే ఆ మనిషి ఎన్‌వోసీ. లాయరు ద్వారా పెడితే వకాల్తా. ఈ ఫోటో ఎన్‌వోసీ దగ్గర చాలా పుస్తకాలు ఆగుతాయి. అట్ట మీద ఎవరో ముసలమ్మ బొమ్మ బాగుందని వేసేస్తారు, ఆవిడ ఎవరో ఎవరికీ తెలీదు.

వంశధార గట్టు (నరసన్నపేట)

ఇప్పుడు గడుల సంగతి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్టిక్యులర్స్‌లో 17 గడులు. అన్నీ చెప్పను, ఫైళ్లని పడగొట్టేవి మాత్రం చెప్తాను.

3వ గడి, దరఖాస్తుదారుకి ఈ హక్కులో ఉన్న ఆసక్తి (ఇంటరెస్ట్), అంటే హక్కుతో సంబంధం ఏమిటని. ఇక్కడ "రచయిత", "హక్కు బదిలీ పొందినవాడు", "యజమాని", "వారసుడు" ఇలాంటి మాట రావాలి. చాలామంది "సాహిత్యం అంటే ఇష్టం" అనే ధోరణిలో రాసేస్తారు. నవ్వకండి, ఆసక్తి అన్న మాట చూసి అలా అర్థం చేసుకుంటారు.

8, 9 గడులు. ప్రచురితమా, అప్రచురితమా? అప్రచురితం అని పెట్టి, జతచేసిన పీడీఎఫ్‌లో "ప్రథమ ముద్రణ" అని ఉన్న పేజీ అప్‌లోడ్ చేస్తే ఎగ్జామినర్ ఊరుకోడు. ప్రచురితం అయితే మొదటి ప్రచురణ సంవత్సరం, దేశం, పబ్లిషర్ పేరు, చిరునామా, జాతీయత అన్నీ రాయాలి. రచయితే సొంతంగా వేసుకుంటే పబ్లిషర్‌గా ఆయన పేరే.

11వ గడి అన్నిటికంటే గడుసుది. కాపీరైట్‌లోని హక్కులు ఎవరెవరికి, ఎంతవరకు ఉన్నాయో ఇక్కడ చెప్పాలి. ఇద్దరు కలిసి రాస్తే ఇద్దరి పేర్లూ. అనువాద హక్కు వేరేవాళ్లకి ఇచ్చేస్తే అదీ. 7వ గడిలో రచయిత ఒకరు, 11లో యజమాని ఇంకొకరు అయితే మధ్యలో ఒక కాగితం ఉండాలి: బదిలీ పత్రమో, ఉద్యోగ ఒప్పందమో, వారసత్వ పత్రమో. అది జతచేయకపోతే లెటర్ వస్తుంది.

రచయిత కాలం చేసి వారసులు పెడుతుంటే 7వ గడిలో మరణ తేదీ రాయాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి సచివాలయంలో దరఖాస్తు ఇవ్వొచ్చు. మిగతా వారసుల నుంచి ఎన్‌వోసీలు. నలుగురు పిల్లలుంటే ఒక్కరి సంతకంతో పని అవదు.

చివరగా ఈమెయిల్. నెట్ సెంటర్‌లో ఫారం నింపిస్తే వాళ్ల మెయిల్ ఐడీ, వాళ్ల ఫోన్ నంబర్ పెట్టేస్తారు. డిస్క్రిపెన్సీ లెటర్ అక్కడికి పోతుంది. గడువు మామూలుగా 30 రోజులు. జవాబు లేకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. అందాకా ఇక్కడ దరఖాస్తుదారు "ఢిల్లీలో పని జరగట్లేదు" అనుకుంటూ కూర్చుంటాడు.

బొబ్బిలి తంత్రి (బొబ్బిలి)

పాటల గొడవ ఎవరూ ఎత్తలేదేటండీ? మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుస్తకాల కంటే జానపద పాటల తగాదాలే ఎక్కువ. పల్లెలో పాడుకునే పాటని ఒక ఛానల్ రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతుంది. అదే పాటని ఇంకో బృందం పాడి పెడితే మొదటి ఛానల్ క్లెయిమ్ వేస్తుంది. తరాల నాటి పాటకి యజమాని ఎవరు?

వంశధార గట్టు (నరసన్నపేట)

తంత్రి గారూ, ఒక పాట అంటే చట్టం లెక్కలో మూడు వస్తువులు. మాట సాహిత్య రచన, బాణీ సంగీత రచన, రికార్డు అయిన శబ్దం సౌండ్ రికార్డింగ్. మూడింటికీ మూడు యాజమాన్యాలు ఉండొచ్చు, మూడు దరఖాస్తులు పెట్టొచ్చు.

ఎవరు కట్టారో తెలియని, తరాలుగా పాడుకుంటున్న పాట మాటకీ బాణీకీ ఎవరూ యజమాని కారు. రికార్డింగ్‌కి మాత్రం దాన్ని తలపెట్టి బాధ్యత తీసుకున్న నిర్మాతే రచయిత, ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు. అంటే మొదటి ఛానల్ వాళ్ల శబ్దాన్ని కత్తిరించి వాడుకుంటే తప్పు. అదే పాటని మీ డప్పుతో, మీ గొంతుతో కొత్తగా పాడి పెడితే వాళ్ల రికార్డింగ్ హక్కు దాని మీద పనిచేయదు. కాకపోతే వాళ్లు కొత్తగా కట్టి చేర్చిన చరణాలు పాడకూడదు, అవి కొత్త రచన. పాత చరణం ఏది, చేర్చింది ఏది అన్న దగ్గరే అసలు తగాదా. మీ దగ్గర పాత సేకరణలు, పాత క్యాసెట్లు ఏవైనా ఉంటే అవి బంగారం.

సౌండ్ రికార్డింగ్ దరఖాస్తుకి మాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు అందరి ఎన్‌వోసీలు తీసుకోండి. బృందంలో పదిమంది ఉంటే పదిమందివీ. రికార్డింగ్ రోజునే సంతకాలు తీసుకోవాలి, తర్వాత ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు చెన్నైలో పనికి పోయి ఉంటారు. సెక్షన్ 52ఏ ప్రకారం రికార్డింగ్ మీద, దాని కవర్ మీద తయారుచేసిన వారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట ప్రచురించిన ఏడాది ఉండాలి.

బొబ్బిలి తంత్రి (బొబ్బిలి)

మరి కళాకారుల చేత "అన్ని హక్కులూ మీకే" అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించుకుంటున్నారు. అది చెల్లుతుందా?

వంశధార గట్టు (నరసన్నపేట)

చెల్లుతుంది గానీ, వాళ్లనుకున్నంత కాదు. సెక్షన్ 19 చదవండి. బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్నవాడు ఏడాదిలోగా ఆ హక్కుని వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేకుంటే, అది పోతుంది. బదిలీ చేసే నాటికి లేని మాధ్యమం పేరు ప్రత్యేకంగా రాయకపోతే ఆ మాధ్యమానికి బదిలీ వర్తించదు. ఇది సెక్షన్ 18లో 2012 సవరణ. క్యాసెట్ల కాలంలో రాసిన కాగితం చూపించి యూట్యూబ్ హక్కు కూడా మాదే అనే వాళ్లని కాగితం మీద తేదీ అడగండి.

అదే సవరణతో సౌండ్ రికార్డింగ్‌లో చేరిన మాట, బాణీ రచయితలకి రాయల్టీలో సమాన వాటా కూడా వచ్చింది. దాన్ని వదులుకుంటున్నానని రాయించుకున్నా చెల్లదు, వారసులకి, కాపీరైట్ సొసైటీకి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేరు.

పలాస ప్యాకెట్ (పలాస)

జీడిపప్పు ప్యాకెట్ మీద లేబుల్ బొమ్మకి కాపీరైట్ తీసుకుంటే ట్రేడ్‌మార్క్ అక్కర్లేదని చెప్తున్నారు. 500తో అయిపోతుందట. నిజమేనా?

గంటస్తంభం (విజయనగరం)

రెండూ నిజం కాదండీ. సరుకు మీద వాడే చిత్రం కాబట్టి 2,000. పైగా సెక్షన్ 45(1) ప్రకారం, అలాంటి గుర్తు ఇంకొకరి పేరున ట్రేడ్‌మార్క్‌గా లేదని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. పాతవాళ్లు దీన్ని టీఎం-60 అంటారు, 2017 రూల్స్ తర్వాత టీఎం-సీ ఫారంతో అడగాలి. దాని ఫీజు వేరే, కాపీరైట్ ఫీజు కంటే ఎక్కువే. 2,000 తప్పించుకుందామని "సరుకు మీద వాడం" అని రాసి, జతచేసిన బొమ్మలో నికర బరువు, గరిష్ఠ ధర కనిపిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇంకో మాట. లేబుల్ గీసిన డిజైనర్ ఎవరు? విశాఖలో ఎవరిచేతో గీయించి డబ్బిచ్చినంత మాత్రాన హక్కు మీకు రాలేదు. మీ దగ్గర జీతానికి పనిచేసే ఉద్యోగి అయితే సెక్షన్ 17 ప్రకారం హక్కు మీదే, బయటివాడు అయితే బదిలీ పత్రం రాయించుకోవాలి. బ్రాండ్ పేరు అన్నదానికి కాపీరైట్ ఎటూ లేదు, పేర్లకి, రెండు మూడు మాటల నినాదాలకి రాదు. పేరు కాపాడుకోవాలంటే ట్రేడ్‌మార్కే. తప్పెటగుళ్ల బృందం పేరుకీ, యూట్యూబ్ ఛానల్ పేరుకీ అంతే, అవి ట్రేడ్‌మార్క్ లెక్కలో వినోద సేవల 41వ క్లాస్‌లో పడతాయి.

పొందూరు పడుగు (పొందూరు)

చీర అంచు డిజైన్లకి కూడా ఇదే దారా? చేత్తో నేసినదే, గ్రాఫ్ కాగితం మీద గీసుకున్నదే.

వంశధార గట్టు (నరసన్నపేట)

అన్నా, ఇక్కడ జాగ్రత్త. గ్రాఫ్ కాగితం మీద గీసినది చిత్ర రచనే. కానీ సెక్షన్ 15(2) ఉంది. డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేయదగిన డిజైన్‌ని రిజిస్టర్ చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ సార్లు వస్తువు మీద వేస్తే దాని కాపీరైట్ పోతుంది. 16వ గడిలో ఎన్నిసార్లు వేశారో అడిగేది ఇందుకే. చేనేత మగ్గం పారిశ్రామిక పద్ధతి కిందికి వస్తుందా రాదా అన్నది వాదించుకోవాల్సిన సంగతి, దాని మీద ఆధారపడి కూర్చోకండి. పవర్‌లూమ్‌కి వెళ్లే డిజైన్ అయితే అసలు అమ్మకానికి పెట్టకముందే డిజైన్ రిజిస్ట్రేషన్‌కి పెట్టండి. అది కోల్‌కతా ఆఫీసు, వేరే ఫారం. ముందే నలుగురికీ చూపించి అమ్మేసిన డిజైన్ కొత్తది కాదని కొట్టేస్తారు.

బుడితి కంచు పనివాళ్లకీ ఈ మాటే. జీఐ ఉంది కదా అని డిజైన్లకి కాపలా ఉందనుకోకూడదు. జీఐ ఆ ఊరి పేరుకి కాపలా కాస్తుంది, చెంబు మీద గీతకి కాదు.

కోడ్ కుర్రోడు (విజయనగరం)

సాఫ్ట్‌వేర్‌కి ఆ 20 పేజీలు ఎలా ఇవ్వాలి? ఫైళ్లు వందల్లో ఉంటే మొదటి పేజీ అంటే ఏది?

గంటస్తంభం (విజయనగరం)

కోడ్ అంతా ఒకే వరసలో పెట్టి పేజీ నంబర్లు వేసి పీడీఎఫ్ చేయండి. ప్రోగ్రాం మొదలయ్యే ఫైలుతో మొదలుపెట్టడం మంచిది, మొదటి పది పేజీల్లో లైబ్రరీల దిగుమతి లైన్లే ఉంటే మీ రచన ఏమీ కనబడదు. ఓపెన్ సోర్స్ నుంచి తెచ్చుకున్న ఫైళ్లు ఆ 20లో రాకుండా చూసుకోండి, అవి మీ రచన కావు. పాస్‌వర్డ్‌లు, కీలు కోడ్‌లో రాసి ఉంటే ముందే తీసేసి, తీసేసిన వెర్షన్‌నే పెట్టండి, ఎందుకంటే తర్వాత నల్ల గీత కొట్టనివ్వరు. ఎగ్జిక్యూటబుల్ అడిగితే ఇవ్వడానికి సిద్ధంగా ఉంచుకోండి.

కాలేజీ ప్రాజెక్ట్ అయితే గైడ్ పేరు రచయితల్లో పెట్టాలా అన్న తగాదా వస్తుంది. కోడ్ రాసినవాడే రచయిత. సలహా ఇచ్చినవాడు కాడు. జీతం లేని విద్యార్థి ఉద్యోగి కాడు కాబట్టి, అడ్మిషన్ కాగితాల్లోనో కాలేజీ ఐపీ (మేధో సంపత్తి) పాలసీలోనో సంతకం పెట్టి ఇచ్చేస్తే తప్ప హక్కు కాలేజీకి పోదు.

సిక్కోలు పుస్తకం (శ్రీకాకుళం)

పాత పుస్తకాల మాటకొద్దాం. గురజాడ రచనలు ఎవరైనా వేసుకోవచ్చు కదా, చాసో (చాగంటి సోమయాజులు) కథలు ఎందుకు వేసుకోకూడదు, ఇద్దరిదీ విజయనగరమే అని ఒకరు గట్టిగా వాదించారు.

గంటస్తంభం (విజయనగరం)

ఊరు ఒకటే, పోయిన సంవత్సరాలు వేరు. రచయిత జీవితకాలం, ఆ తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్లు. గురజాడ 1915లో పోయారు, ఆయన రాతలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. చాసో పోయింది 1994లో. లెక్క 1995 జనవరి 1 నుంచి మొదలై 2054 డిసెంబర్ 31తో ముగుస్తుంది. అందాకా వారసుల అనుమతి కావాల్సిందే. ఇద్దరు కలిసి రాసినదైతే ఆఖరున పోయినవారి నుంచి లెక్క. పేరు లేకుండా అచ్చయినవాటికి ప్రచురణ నుంచి 60.

గురజాడ రచన వేసుకోవచ్చు గానీ, ఎవరో ఈ మధ్య వేసిన ముద్రణలోని ముందుమాట, పాద వివరణలు, అట్ట బొమ్మ ఎత్తుకోకూడదు. అవి వాళ్లవి. రిజిస్ట్రేషన్‌కి పెట్టినా 17వ గడిలో మీరు చేర్చిన భాగానికే హక్కు అడుగుతున్నానని రాయండి.

సిక్కోలు పుస్తకం (శ్రీకాకుళం)

అయితే మా శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం కథానిలయంలా పాత పత్రికలు, కథలు స్కాన్ చేసి దాచే పని?

వంశధార గట్టు (నరసన్నపేట)

దానికి చట్టంలోనే చోటు ఉంది. సెక్షన్ 52(1)(ఎన్), 2012లో వచ్చింది. లాభాపేక్ష లేని గ్రంథాలయం, తన దగ్గర కాగితం ప్రతి ఉన్న రచనని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. దాచుకోవడం వరకే ఆ వెసులుబాటు. హక్కు బతికి ఉన్న రచనని నెట్‌లో అందరికీ తెరవాలంటే అనుమతి వేరేగా కావాలి. మన ఊళ్లలో గ్రంథాలయం నడిపేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు. స్కానింగ్ మొదలుపెట్టేటప్పుడే రచయిత పేరు పక్కన మరణించిన సంవత్సరం గడి ఒకటి పెట్టుకుంటే, ఏది ఎప్పుడు తెరవొచ్చో కంప్యూటరే చెప్తుంది.

బొబ్బిలి తంత్రి (బొబ్బిలి)

ఛానల్ వాళ్లు మా రికార్డింగే ఎత్తి పెట్టుకుంటే సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగాలా?

వంశధార గట్టు (నరసన్నపేట)

అక్కర్లేదండీ. రూల్ 75 కింద యూట్యూబ్ లాంటి వేదికకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. ఏ రచన మీది, అది మీదే అనడానికి ఆధారం, తప్పుడు ప్రతి ఉన్న లింకు, అది మినహాయింపుల కిందికి రాదన్న మాట, కోర్టుకి వెళ్తానన్న హామీ రాయాలి. వాళ్లు 36 గంటల్లో ఆ ప్రతిని అందుబాటులో లేకుండా చేయాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపించకపోతే వాళ్లు మళ్లీ తెరిచేయొచ్చు. కాబట్టి ఫిర్యాదు పంపేముందే లాయరుతో మాట్లాడి ఉంచుకోండి. 21 రోజులు ఇట్టే పోతాయి, మధ్యలో సంక్రాంతి వస్తే చెప్పనే అక్కర్లేదు. సెక్షన్ 62 ఉంది కాబట్టి దావా మీరుండే చోటి జిల్లా కోర్టులోనే వేయొచ్చు, ఛానల్ ఎక్కడిదైనా.

పలాస ప్యాకెట్ (పలాస)

డిస్క్రిపెన్సీ లెటర్ వస్తే కొత్త దరఖాస్తు పెట్టేయడం మేలా? జవాబు రాయడం కంటే అదే తొందరగా అవుతుందంటున్నారు.

గంటస్తంభం (విజయనగరం)

వద్దు. కొత్తదానికి మళ్లీ ఫీజు, మళ్లీ 30 రోజులు. పాతది తెరిచే ఉంటుంది, ఒకే రచనకి రెండు డైరీ నంబర్లు కనబడితే అదో ప్రశ్న. లెటర్‌లో ఎన్ని అంశాలు ఉంటే అన్నిటికీ అదే వరసలో జవాబు రాసి, సరిదిద్దిన ఫారం పేజీ, అడిగిన కాగితం జతచేసి పోర్టల్‌లోనే పెట్టండి. ఒక్కదానికి జవాబు మిస్సయినా మళ్లీ లెటరో, హియరింగో. హియరింగ్ పిలుపు వస్తే భయపడకండి, వీడియో లింకు పంపుతారు, అసలు కాగితాలు చేతిలో పెట్టుకుని కూర్చుంటే చాలు. కొత్త దరఖాస్తు ఒక్క సందర్భంలోనే: కేటగిరీ తప్పు పెట్టి, ఆ కేటగిరీ ఫీజు వేరైనప్పుడు.

రిజిస్టర్ అయ్యాక చిరునామా మారినా, హక్కు ఇంకొకరికి పోయినా ఫారం 15తో మార్పించుకోవచ్చు, దానికి ఫీజు తక్కువ. మీ లేబుల్ రంగులు మార్చి కొత్తగా గీయిస్తే మాత్రం అది మార్పు కాదు, కొత్త రచన. మళ్లీ 2,000, మళ్లీ టీఎం-సీ.

పలాస ప్యాకెట్ (పలాస)

రంగులు మార్చం అయితే 🙂 డిజైనర్ బదిలీ పత్రం నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.

వంశధార గట్టు (నరసన్నపేట)

నమూనా కంటే ఈ అంశాలు చూసుకుని మీ లాయరు చేత రాయించండి: ఇద్దరి పూర్తి పేర్లు, చిరునామాలు. లేబుల్ బొమ్మ ప్రింటు అంటించి దాని మీద ఇద్దరి సంతకాలు. "ప్రచురణ, పునర్ముద్రణ, మార్పులు చేసే హక్కు, డిజిటల్ వాడకం సహా అన్ని హక్కులు". కాలం "కాపీరైట్ ఉన్నంతవరకు". ప్రాంతం "ప్రపంచమంతా", ఎందుకంటే పప్పు ఎగుమతి అయ్యేదే. ఇచ్చిన మొత్తం, ఇచ్చిన పద్ధతి. ఏడాదిలో వాడకపోయినా హక్కు పోదన్న వాక్యం తప్పకుండా. తేదీ దరఖాస్తు తేదీ కంటే ముందుది అయి ఉండాలి, తర్వాతి తేదీ వేస్తే 11వ గడి దగ్గర మళ్లీ ఆగిపోతుంది.